స్టీల్ బ్రూయింగ్ కెటిల్‌లో ఉన్న బెజ్జాన్ని పెద్దది చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో బీరు కాచే కెటిల్‌కు ముందే ఒక బెజ్జం ఉంది. ఇప్పుడు బిగించాలనుకున్న వాల్వో, థర్మామీటరో, హీటింగ్ ఎలిమెంటో అందులో పట్టడం లేదు. కొత్తగా బెజ్జం వేసే పద్ధతి చాలామందికి తెలుసు. ఉన్నదాన్ని పెంచడం మాత్రం వేరే పని. బిట్టు నిలదొక్కుకోవడానికి మధ్యలో లోహమే ఉండదు. కింది జవాబుల్లో కొన్ని ఆ ఒక్క ఇబ్బంది చుట్టూనే తిరుగుతాయి.

అసలు పెంచాల్సిన అవసరం ఉందా?

చాలాసార్లు ఉండదు. పాత బెజ్జానికి సరిపోయే చిన్న ఫిట్టింగ్ బిగించి, దాని బయటి కొసకు సైజు మార్చే బుష్ తగిలిస్తే పెద్ద మరలున్న భాగం కూడా అక్కడ కూర్చుంటుంది. థర్మామీటర్లకు ముందు ఈ దారే చూడమంటాను. స్టీలును ఒకసారి కోశాక వెనక్కి తేలేం.

వోర్ట్, అంటే పులిశాక బీరయ్యే తియ్యని మాల్ట్ రసం, దించే వాల్వ్ సంగతి వేరు. లోపలి దారి ఇరుకైతే చేదు కోసం వేసే హాప్ పువ్వుల ముక్కలు అక్కడే అడ్డం పడతాయి, వోర్ట్ చుక్కలు చుక్కలుగా దిగుతుంది. అక్కడ బెజ్జం పెంచడమే మేలు. హీటింగ్ ఎలిమెంటుకైతే వేరే మార్గమే లేదు.

ఎంత సైజుకు పెంచాలి?

ఫిట్టింగ్ చేతికి వచ్చాక, దాన్ని వెర్నియర్ కాలిపర్‌తో కొలిచాకే డ్రిల్ తీయండి. పైపు మరల పేరుకూ అసలు కొలతకూ పొంతన ఉండదు. 1/2 అంగుళం ఎన్‌పీటీ (అమెరికన్ పైపు మరల ప్రమాణం) అని పిలిచే మరల బయటి వ్యాసం దాదాపు 21.3 మి.మీ. వెల్డింగ్ అక్కర్లేని వాల్వ్ కిట్లు చాలావరకు 22.2 మి.మీ. (7/8 అంగుళం) బెజ్జం అడుగుతాయి. కొన్ని 20.6 మి.మీ. (13/16 అంగుళం) అడుగుతాయి. 1 అంగుళం మరలున్న ఎలిమెంట్లకు సాధారణంగా 32 మి.మీ. చుట్టుపక్కల ఉంటుంది. తయారీదారు కాగితం మీద అంకె ఇచ్చి ఉంటే అదే ప్రమాణం. ఇవ్వకపోతే బెజ్జం గుండా పోవాల్సిన భాగపు వ్యాసానికి అర మిల్లీమీటరు కలుపుకోండి, అంతకంటే ఉదారంగా పోవద్దు. మిగిలిన ఖాళీని ఓ-రింగ్ (నీరు కారకుండా ఆపే రబ్బరు లాంటి మెత్తని వలయం) మూయాలి, దాని వెడల్పు కొన్ని మిల్లీమీటర్లే.

పెంచితే పాత బెజ్జం ఉన్న చోటే సరిపోతుందా?

ఈ ప్రశ్న ముందే వేసుకునేవాళ్లు తక్కువ. 16 మి.మీ. బెజ్జాన్ని అదే కేంద్రం మీద 22కు పెంచితే అంచు అన్ని వైపులా 3 మి.మీ. జరుగుతుంది. కెటిల్ అడుగుకు దగ్గరగా ఉన్న బెజ్జమైతే కింది అంచు ఆ మేరకు దిగుతుంది. పైగా కొత్త ఫిట్టింగ్ వాషరూ, నట్టూ పాతవాటికంటే వెడల్పుగా ఉంటాయి. గోడ అడుగులోకి వంపు తిరిగే చోట వాషర్ ఆనిందంటే అది చదునుగా కూర్చోదు, ఎంత బిగించినా కారుతుంది.

కాబట్టి కొత్త వాషర్‌ను గోడకు ఆనించి, లోపలా బయటా చుట్టూ గీత గీయండి. ఆ గీత వంపును తాకుతుంటే కేంద్రాన్ని పైకి జరపాలి. కొత్త వృత్తం పాత బెజ్జాన్ని పూర్తిగా తనలో కలుపుకునేంత వరకు ఎంత జరిపినా ఇబ్బంది లేదు. 16 నుంచి 22కు పెంచేటప్పుడు 3 మి.మీ. వరకు పైకి పోవచ్చు. అప్పుడు కింది అంచు ఉన్నచోటే ఉండిపోతుంది. అయితే కేంద్రం జరపాలంటే స్టెప్ బిట్ (మెట్లు మెట్లుగా వెడల్పయ్యే శంకువు ఆకారపు బిట్టు) పనికిరాదు.

ఏ పనిముట్టు వాడాలి?

ఏ పనిముట్టు చూసినా ముందు ఒకటే అడగండి: ఇది తన కేంద్రాన్ని ఎక్కడి నుంచి తెచ్చుకుంటుంది? స్టెప్ బిట్ పాత బెజ్జం అంచు నుంచే తెచ్చుకుంటుంది. హోల్ సా (అంచున పళ్లున్న గిన్నెలాంటి రంపం) మధ్యలోని పైలట్ బిట్టు నుంచి తెచ్చుకుంటుంది, ఆ పైలట్ మీ పాత బెజ్జంలో గాల్లో ఉంటుంది. నాకౌట్ పంచ్‌కు (బోల్టు బిగిస్తే రేకును కత్తిరించే పనిముట్టు, వివరం కింద ఉంది) మీరే చూపించాలి. ఆకురాయికి కేంద్రమంటూ లేదు, మీరు గీసిన గీతే ఆధారం.

కేంద్రం మారనక్కర్లేకపోతే, పని ఒక్క బెజ్జమే అయితే, స్టెప్ బిట్. మారాలంటే లేదా 30 మి.మీ. దాటితే పంచ్. పెంచాల్సింది మిల్లీమీటరు లోపే అయితే ఆకురాయి. హోల్ సా నా దృష్టిలో చివరి ఎంపిక.

స్టెప్ బిట్‌తో ఎలా చేయాలి?

కెటిళ్ల గోడలు ఎక్కువగా 0.8 నుంచి 1.2 మి.మీ. మందంలో ఉంటాయి. ఇంత పలచని రేకుకు స్టెప్ బిట్ అచ్చంగా సరిపోతుంది. ప్రతి మెట్టూ కిందటి మెట్టు కోసిన గుండ్రం మీద ఆనుకుని ముందుకు పోతుంది కాబట్టి పక్కకు జారదు. రెండు సంగతులు చూసుకోండి. మెట్టు ఎత్తు రేకు మందం కంటే ఎక్కువ ఉండాలి, లేకపోతే ఒక మెట్టు కోత పూర్తికాకముందే తర్వాతిది అందుకుంటుంది. రెండోది, మీకు కావలసిన సైజు ఆ బిట్టు మీద ఉందా? 4 నుంచి 32 దాకా రెండేసి మిల్లీమీటర్లు పెరిగే బిట్టులో 20, 22, 24 ఉంటాయి. 20.6 కావాలంటే 20 దగ్గర ఆగి మిగతాది ఆకురాయితో తీయాలి.

ఆగాల్సిన మెట్టు పైభాగాన మార్కర్‌తో గీత పెట్టండి. రేకు తెగిన మరుక్షణం చేతి బలమంతా బిట్టును ముందుకు తోస్తుంది. 22 దగ్గర ఆగాల్సింది 24కు పోయిన బెజ్జాలన్నీ ఆ క్షణంలో పోయినవే.

కెటిల్‌ను దుప్పటి మీద పక్కకు పడుకోబెట్టి, దొర్లకుండా రెండు వైపులా చెక్కలు పెట్టి, ఇంకొకరిని పట్టుకోమనండి. లోపలి వైపు నుంచి, మధ్యలో బిట్టు దూరేంత ఖాళీ ఉన్న చెక్క దిమ్మను గోడకు ఆనిస్తే రేకు సొట్టపోదు. డ్రిల్‌కు పక్క పిడి ఉంటే తప్పకుండా తగిలించండి. పెద్ద మెట్లు రేకును పట్టేసినప్పుడు మణికట్టు మీద పడే మెలిక చిన్నది కాదు.

వేగం, నూనె, ఒత్తిడి ఎలా ఉండాలి?

ఈ విషయంలో రాజీ పడకండి. కెటిళ్లకు వాడేది ఎక్కువగా 304 రకం స్టీలు, అంటే 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్నది. దీనికి రెండు గుణాలున్నాయి. ఒకటి, రాపిడికీ వత్తిడికీ గురైన చోట అది గట్టిపడిపోతుంది. రెండు, వేడిని సరిగా పంచుకోదు. మామూలు ఇనుముతో పోలిస్తే దాని ఉష్ణ వాహకత మూడో వంతు మాత్రమే. కాబట్టి కోసే చోట పుట్టిన వేడి అక్కడే, బిట్టు మొన మీదే కూర్చుంటుంది. మొన మొద్దుబారుతుంది, మొద్దు మొన కోయకుండా రుద్దుతుంది, రుద్దిన కొద్దీ స్టీలు ఇంకా గట్టిపడుతుంది.

దీనికి విరుగుడు నెమ్మదిగా తిప్పి గట్టిగా నొక్కడం. మామూలు హైస్పీడ్ స్టీల్ బిట్టుకు నిమిషానికి 10 మీటర్ల కోత వేగం అనుకుంటే, 22 మి.మీ. మెట్టు దగ్గర అది నిమిషానికి 145 చుట్లు మాత్రమే. 12 మి.మీ. దగ్గర 265. డ్రిల్‌ను తక్కువ గేరులో పెట్టి ట్రిగ్గర్‌ను కొద్దిగా నొక్కితే వచ్చే వేగమది. బిట్టు తిరగడం కంటికి కనిపించాలి. రజను పొడిలా రాలుతుంటే మీరు రుద్దుతున్నారు, సన్నని పేలికల్లా చుట్టుకుంటూ వస్తుంటే కోస్తున్నారు.

కటింగ్ ఆయిల్ ప్రతి మెట్టుకూ ముందు వేయండి. అది దొరక్కపోతే ఏదో ఒక నూనె, అసలేమీ లేకపోవడం కంటే నయం. పొగ లేస్తే ఆగి చల్లారనివ్వండి.

బిట్టు కీచుమంటోంది, లోపలికి దిగడం లేదు. ఇప్పుడేం చేయాలి?

వెంటనే ఆపండి. అంచు చూస్తే అద్దంలా మెరిసే సన్నని వలయం కనిపిస్తుంది. అది గట్టిపడిన పొర. అదే బిట్టుతో ఇంకా నొక్కితే బిట్టూ పోతుంది, పొరా మందమవుతుంది. కార్బైడ్ బర్‌తో (రోటరీ టూల్‌కు తగిలించే గట్టి లోహపు అరగదీసే మొన) ఆ మెరుపు పొరను కొద్దికొద్దిగా గీకి తీసేయండి. ఆపైన పదునుగా ఉన్న కొత్త బిట్టు, వీలైతే కోబాల్ట్ కలిసినది, అవతలి వైపు నుంచి పెట్టి మొదలెట్టండి. బంగారు రంగు టైటానియం పూత ఉన్నంత మాత్రాన బిట్టు మంచిదని కాదు. పూత కింద ఉన్న లోహమే కోసేది.

మామూలు ట్విస్ట్ డ్రిల్ బిట్ పెద్దది ఉంది, అది వాడొచ్చా?

వద్దు. పలచని రేకులో ఉన్న బెజ్జంలోకి పెద్ద ట్విస్ట్ బిట్ దించితే దాని అంచులు రేకును స్క్రూలాగా పట్టి లాక్కుంటాయి. కెటిల్ చేతిలోంచి తిరిగిపోతుంది, లేదా బెజ్జం మూడు మూలలుగా చీలుతుంది. మూడు మూలల బెజ్జం మీద ఓ-రింగ్ నిలవదు.

హోల్ సా మాత్రమే ఉంది. ఎలా కేంద్రం దొరకబుచ్చుకోవాలి?

రెండు దారులున్నాయి. పాత బెజ్జంలోకి గట్టిగా దిగే చెక్క బిరడా చెక్కి కొట్టి, లోపలి వైపు నుంచి చెక్క పలకతో దాన్ని కదలకుండా క్లాంప్ చేయండి. పైలట్ బిట్టుకు ఆ చెక్క ఆధారమవుతుంది. కేంద్రాన్ని జరపాలన్నా ఇక్కడ వీలవుతుంది, పైలట్ పెట్టే చోటు మీ ఇష్టం.

లేదా కావలసిన సైజు బెజ్జాన్ని ముందు మందపాటి ప్లైవుడ్ ముక్కలో కోసి, ఆ ముక్కను గోడకు బిగించి, పైలట్ తీసేసిన హోల్ సాను ఆ గుండ్రంలోంచే నడిపించండి. గోడ వంపుగా ఉంటుంది కాబట్టి ప్లైవుడ్ ఊగకుండా చూసుకోవడమే కష్టం. వంపు వల్ల పళ్లు కూడా ముందు రెండు పక్కల మాత్రమే తాకుతాయి, అక్కడ పట్టేసి విరగడం మామూలే. బైమెటల్ పళ్లున్నదే వాడండి. ఇవన్నీ చూసే దీన్ని చివర పెట్టాను.

నాకౌట్ పంచ్ అంటే ఏమిటి? నిజంగా అంత మంచిదా?

ఎలక్ట్రీషియన్లు ప్యానెల్ బాక్సులకు బెజ్జాలు వేసే పనిముట్టు అది. ఒక వైపు గిన్నెలాంటి డై, రెండో వైపు పదునైన పంచ్, రెంటినీ కలుపుతూ మధ్యలో ఒక బోల్టు. బోల్టు బిగించే కొద్దీ పంచ్ రేకును కత్తిరిస్తూ డైలోకి దిగుతుంది. వేడి లేదు, రజను లేదు, శబ్దం లేదు. వచ్చే బెజ్జం గుండ్రంగా, అంచు శుభ్రంగా ఉంటుంది. ఇంకో లాభం, వంపు తిరిగిన గోడ ఆ వత్తిడికి బెజ్జం చుట్టూ కాస్త చదునవుతుంది. వాషర్, ఓ-రింగ్ ఆ చదును మీద హాయిగా కూర్చుంటాయి. మీకు తెలిసినవాళ్ల దగ్గర ఇది ఉంటే అరువు తెచ్చుకోవడానికి మొహమాటపడకండి.

సైజు పేర్లలో ఇక్కడా మెలిక ఉంది. ఇవి కరెంటు పైపు సైజుల పేర్లతో పిలవబడతాయి. 1/2 అంగుళం అని రాసిన పంచ్ వేసేది 22 మి.మీ. పైచిలుకు బెజ్జం. మన 1/2 అంగుళం వాల్వ్ కిట్‌కు అదే కావాలి. 3/4 పేరున్నది 28 దాటుతుంది, 1 అంగుళం పేరున్నది 34 దాటుతుంది. కాబట్టి పంచ్‌ను కూడా కాలిపర్‌తో కొలవండి. స్టెయిన్‌లెస్ కోయగలదని దాని మీద రాసి ఉందో లేదో చూడండి. మెత్తని ఇనుముకు మాత్రమే చేసినవి స్టెయిన్‌లెస్ మీద మొన పోగొట్టుకుంటాయి.

ఇక కేంద్రం. బోల్టు సన్నగా, పాత బెజ్జం వెడల్పుగా ఉంటే పంచ్ ఏ పక్కకైనా జారి కూర్చుంటుంది. దానికి సులువైన ఉపాయం: కొత్త కేంద్రం నుంచి డై బయటి వ్యాసానికి సరిపడా వృత్తం గోడ మీద గీయండి. డైను ఆ గీతలో అమర్చి చేత్తో పట్టుకుని బోల్టును వేలి బిగువు వరకు తిప్పండి. గీతకు సరిగ్గా ఉందని చూసుకున్నాకే స్పానర్ పెట్టండి. పంచ్ ఒకసారి కరిచిందంటే ఇక కదలదు. బోల్టు మరలకు, పంచ్ అంచుకు నూనె రాయడం మరిచిపోవద్దు.

నాకు మిల్లీమీటరు పెరిగితే చాలు.

అర్ధచంద్రాకారపు ఆకురాయి, ఓపిక చాలు. బెజ్జం చుట్టూ మాస్కింగ్ టేపు అంటించి కొత్త వృత్తం సన్నగా గీసుకోండి. ఒక్కచోటే రుద్దకుండా చుట్టూ తిరుగుతూ తీయండి, మధ్యమధ్య ఫిట్టింగ్ పెట్టి చూడండి. తొందరగా కావాలంటే రోటరీ టూల్‌కు కార్బైడ్ బర్ తగిలించండి, కానీ దాని రజను సూదుల్లా ఉంటుంది. కళ్లద్దాలు తప్పనిసరి, పని అయ్యాక ఆ చోటును ఒట్టి చేత్తో తుడవకండి. రాయి చక్రాలతో ఎక్కువసేపు అరగదీస్తే లేచే దుమ్ములో క్రోమియం ఉంటుంది, ముక్కుకు మాస్కు కట్టుకోండి.

ఇంతకుముందు మామూలు ఇనుము మీద వాడిన ఆకురాయి, చక్రం, ఉక్కు పీచు ఏవీ కెటిల్‌ను తాకకూడదు. వాటిలో ఇరుక్కున్న ఇనుప రేణువులు స్టీలులో దిగబడి నెలలోపే తుప్పు చుక్కలుగా బయటపడతాయి.

గ్లోవ్స్ వేసుకోవాలా?

డ్రిల్ తిరిగేటప్పుడు వద్దు, బిట్టుకు చుట్టుకుంటే చేతినే లాగుతుంది. రజను ఎత్తేటప్పుడు, అంచులు తడిమేటప్పుడు తప్పక వేసుకోండి.

అంచులు నున్నగా చేయడం అంత ముఖ్యమా?

కారే కెటిళ్లలో ఎక్కువ వాటికి ఇక్కడే మూలం. కోసిన తర్వాత అంచు వెంట లేచి నిలబడే పలచని చీలిక ఓ-రింగ్‌ను బిగించేటప్పుడే కోసేస్తుంది. పైకి కనిపించదు, నీళ్లు పోశాక తెలుస్తుంది. లోపలా బయటా రెండు వైపులా ఆకురాయిని ఏటవాలుగా తిప్పి ఆ చీలిక తీసేసి, 220 నంబరు గరుకు కాగితంతో ముగించండి. దూది ఉండను అంచు వెంట నడిపించండి. ఎక్కడైనా పోగు పట్టుకుందంటే పని మిగిలి ఉంది.

బెజ్జం పెద్దదైపోయింది లేదా కోడిగుడ్డులా వచ్చింది. కెటిల్ పోయినట్టేనా?

పోలేదు. ఓ-రింగ్‌ను బెజ్జం మీద పెట్టి చూడండి. చుట్టూ ఎక్కడా బెజ్జం అంచు బయటికి రాకుండా, రింగు మందంలో సగమైనా గోడ మీద ఆనుతుంటే బిగించి వాడుకోవచ్చు. అలా ఆనకపోతే వెడల్పైన వాషర్, దానికింద చదునైన ఆహార యోగ్యమైన సిలికాన్ గాస్కెట్ రెండు వైపులా పెట్టండి. అదీ చాలకపోతే తర్వాతి సైజు ఫిట్టింగ్‌కు పెంచేయడమే శుభ్రమైన దారి. అప్పుడు బయట సైజు తగ్గించే బుష్ పెట్టి మీ పాత వాల్వ్‌నే బిగించుకోవచ్చు.

ఇంకో మార్గం సోల్డర్‌తో మాటు వేయడం, అంటే కరిగించిన లోహంతో ఫిట్టింగ్‌ను గోడకు అతకడం. 96 శాతం తగరం, 4 శాతం వెండి ఉన్న సోల్డర్ 221 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరగడం మొదలవుతుంది. వోర్ట్ మరిగేది 100 డిగ్రీల చుట్టూ కాబట్టి దానికి ప్రమాదం లేదు, కెటిల్‌ను ఖాళీగా మంట మీద వదలనంత వరకు. సీసం లేని సోల్డరే వాడాలి. స్టెయిన్‌లెస్‌కు పనికొచ్చే ఆమ్లపు ఫ్లక్స్ (సోల్డర్ అంటుకునేలా ఉపరితలాన్ని శుభ్రం చేసే ద్రవం) కావాలి, పని అయ్యాక దాన్ని ఆనవాలు లేకుండా కడిగేయాలి. సోల్డర్ సన్నని సందుల్లోకి బాగా పాకుతుంది, వెడల్పు ఖాళీని నింపలేదు.

మూడు పొరల కెటిల్‌కు ఏమైనా తేడా ఉందా?

అడుగు మాత్రమే మూడు పొరలైతే గోడ మామూలు స్టీలే, చింత లేదు. గోడ కూడా మూడు పొరలైతే మధ్యలో అల్యూమినియం ఉంటుంది, బెజ్జం అంచు దగ్గర అది బయటపడుతుంది. వోర్ట్ కొద్దిగా ఆమ్లగుణం కలది, దానివల్ల పెద్ద నష్టం ఉండదు. కాస్టిక్ సోడా లాంటి ఘాటైన క్షారాలతో కడిగితే మాత్రం అల్యూమినియం పొర లోపలికి తినుకుపోతుంది. ఆ కెటిల్‌కు కాస్టిక్ వాడకండి.

బీరు కెగ్‌ను (స్టీలు పీపాను) కెటిల్‌గా మార్చాను. దానికీ ఇదే పద్ధతా?

మూత కోసి ఉన్న కెగ్ అయితే ఇదే. గోడ కాస్త మందం కాబట్టి స్టెప్ బిట్‌కు ఎక్కువ సమయం పడుతుంది. మూసి ఉన్న కెగ్‌నైతే లోపలి ఒత్తిడి పూర్తిగా వదిలి, మధ్య గొట్టం బయటికి తీయనిదే దాని మీద ఏ పనిముట్టూ పెట్టకండి. చాలా కెగ్‌లు బ్రూవరీ ఆస్తి. మీ సొంతమో కాదో చూసుకోండి.

పాత బెజ్జానికి కప్లింగ్ (లోపల మరలున్న మందపాటి గొట్టం ముక్క) వెల్డ్ చేసి ఉంది. దాన్నే పెంచొచ్చా?

కప్లింగ్ మందం, వెల్డింగ్ పూస రెండూ చేతి డ్రిల్‌కు లొంగవు. దానికి బుష్ తగిలించుకోండి. తప్పదంటే వెల్డర్ దగ్గరికి తీసుకెళ్లి కప్లింగ్ మొత్తం కోయించి, పెద్దది వెల్డ్ చేయించండి. వెల్డింగ్ చేసేటప్పుడు లోపలి వైపు కూడా ఆర్గాన్ వాయువు నింపమని అడగాలి, లేకపోతే లోపలి పూస నల్లగా పొక్కులు పోతుంది, అక్కడ శుభ్రం కుదరదు.

కోసిన అంచు తుప్పు పడుతుందా?

స్టీలును కాపాడే క్రోమియం ఆక్సైడ్ పొర గాలి తగిలితే తనంతట తానే ఏర్పడుతుంది. ఉపరితలం శుభ్రంగా ఉండటం ఒక్కటే దానికి కావాలి. ముందు వేడి నీళ్లు, గిన్నెలు కడిగే సబ్బుతో కటింగ్ ఆయిల్ అంతా వదిలించండి. తర్వాత లీటరు నీటికి 50 గ్రాముల లెక్కన నిమ్మ ఉప్పు కలిపి, ఆ ద్రావణంలో తడిపిన గుడ్డను బెజ్జం చుట్టూ 20 నిమిషాలు అంటించి ఉంచి, బాగా కడిగి ఆరనివ్వండి. నిమ్మ ఉప్పు అంటే సిట్రిక్ ఆమ్లమే. స్టెయిన్‌లెస్ స్టీలును ఆమ్లంతో శుద్ధి చేయడానికి ఉన్న ఏఎస్‌టీఎం ఏ967 ప్రమాణం కూడా గది వేడిమిలో 4 నుంచి 10 శాతం సిట్రిక్ ఆమ్లాన్ని, కనీసం 20 నిమిషాలను అనుమతిస్తుంది. క్లోరిన్ బ్లీచ్ దగ్గరికి రానివ్వకండి, అది ఈ స్టీలులో గుంతలు పెడుతుంది.

కారుతుందో లేదో ఎలా పరీక్షించాలి?

సిలికాన్ ఓ-రింగ్ వాడండి, మరిగే వేడిని అది సులువుగా తట్టుకుంటుంది. నీరు గోడ దగ్గర ఆగినా మరల వెంట పాకి బయటికి రావచ్చు, అందుకే ఓ-రింగ్ కూర్చునే చోట మరలకు టెఫ్లాన్ టేపు చుట్టండి. చేత్తో బిగిసినంత బిగించి, ఆపైన స్పానర్‌తో పావు చుట్టు. అంతకు మించితే రింగు పక్కకు ఉబికి జారుతుంది.

బెజ్జం పైదాకా చల్లని నీళ్లు పోసి, కింద పొడి కాగితం పరిచి ఒక గంట వదలండి. కాగితం తడవకపోతే ఇప్పుడు నీళ్లను మరిగించండి. చల్లగా ఉన్నప్పుడు నిలిచి, వేడెక్కాక కారేవి చాలా ఉంటాయి. అలా కారితే వేడి మీద బిగించకండి. చల్లారాక విప్పి అంచునూ రింగునూ చూడండి, కారణం కంటికే కనిపిస్తుంది.

బిగించాక ఇక విప్పనక్కర్లేదా?

విప్పాలి. వెల్డింగ్ లేని ఫిట్టింగ్ మరల్లో, వాషర్ వెనక వోర్ట్ చేరి ఎండిపోతుంది. నాలుగైదు కాపులకు ఒకసారైనా విప్పి వేడి నీళ్లలో నానబెట్టి తోమండి. ఓ-రింగ్ ఒకవైపు చదునైపోయి ఉంటే కొత్తది వేయండి. టెఫ్లాన్ టేపు ప్రతిసారీ కొత్తగా చుట్టాలి.